బారామహలు బడులు – ప్రపంచపు గాలులు

ఉగాది సంచికకు మన జిల్లా చరిత్రనుగూర్చి ఒక వ్యాసము వ్రాయవలసినదిగా సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు మాకు మొదట తోచినవి అధియమాను కోట, ఔవైయారుకు ఆయన ఇచ్చిన ఉసిరికాయ. కాని వాటిని ఏటేటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. అందుచేత ఈ మారు రాజులను విడిచి బడులను పట్టుకొన్నాము. ధర్మపురి పిల్లవాడు ఏ అక్షరములు దిద్దవలెను, ఎన్ని ఏండ్లు చదువవలెను, చదివి ఏమి కావలెను అన్న సంగతులను ధర్మపురివారే నిర్ణయించుకొన్న కాలము చరిత్రలో బహు కొద్ది. లండనులో, కలకత్తాలో, మదరాసులో, ఢిల్లీలో, కడపట వాషింగ్టనులో కూర్చున్నవారు నిర్ణయించినదే ఎక్కువ. ఇప్పుడు దీనికి ప్రపంచీకరణము అని పేరు పెట్టినారు. పేరు కొత్తదే; పని పాతది.

ముందుగా మనవారినిగూర్చి ఒక మాట. మనలను ప్రవాసాంధ్రులు అంటారు. ఈ జిల్లాలోను, దానినుండి 2004లో విడిపోయిన కృష్ణగిరి జిల్లాలోను ఉన్న తెలుగు కుటుంబములలో చాలవాటికి ఆ పేరు సరిగా అతుకదు. విజయనగర ప్రభువుల కాలమునుండీ, వారి నాయకుల కాలమునుండీ ఇక్కడ సేద్యము చేసికొంటూ, మగ్గము నేసికొంటూ, చెరువులు త్రవ్వించుకొంటూ ఉన్నవారము. హోసూరు ప్రక్కన తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే సంతలో వినబడును. బేరము ఒక భాషలో మొదలై మరొక భాషలో ముగియుట అక్కడ వింత కాదు. ఇట్టి చోట బడి ఏ భాషలో ఉండవలెనన్న ప్రశ్న పుస్తకాలలోని ప్రశ్న కాదు, ప్రతి జూన్ నెలలోను గడప తొక్కే ప్రశ్న.

1792లో శ్రీరంగపట్టణము సంధివల్ల టిప్పు సుల్తాను బారామహలును కంపెనీవారికి వదలుకొన్నాడు. కెప్టెన్ రీడు అను దొర పరిపాలనకు వచ్చినాడు. అతని క్రింద ఉన్నవారిలో ఒకడు థామస్ మన్రో. ఈ మన్రో 1799 వరకు ఈ సీమలోనే ఉన్నాడు. ధర్మపురిలో ఇల్లు కట్టుకొని తోట పెంచుకొన్నాడు. ఊరూరా తిరిగి, పొలము పొలము కొలిపించి, రైతుతో నేరుగా పన్ను మాట్లాడు పద్ధతికి ఇక్కడే రూపము ఏర్పడినది. తరువాత అతడు దత్తమండలములకు కలెక్టరై, 1820లో మదరాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరా సోకి చనిపోయినాడు. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్న కుటుంబములున్నవి. ఇంతమట్టుకు అందరికీ తెలిసినదే. అందరూ అంతగా చెప్పుకొననిది అతని బడుల లెక్క.

1822లో మన్రో రాజధానిలోని కలెక్టర్లందరినీ తమ జిల్లాలలో ఎన్ని బడులున్నవో, ఏ కులమువారు ఎందరు చదువుతున్నారో, ఏమి చదువుతున్నారో లెక్క పంపుమని అడిగినాడు. అప్పుడు మన సీమ సేలము జిల్లాలోనిది. లెక్కలన్నీ చేరుటకు రెండేండ్లు పైగా పట్టినది. 1826 మార్చి 10న అతడు వ్రాసిన నివేదిక ప్రకారము సుమారు 1 కోటి 28 లక్షల జనాభాకు 12,498 బడులు. అనగా వేయిమందికి ఒక బడి. ఇండ్లలో చదువుకొనేవారినికూడ కలుపుకొంటే మగపిల్లలలో మూడవ వంతు దాకా ఏదో ఒక చదువు పొందుతున్నారని అతడు అంచనా వేసినాడు. యూరపులోని చాల దేశములలో కొద్దికాలము క్రిందటివరకు ఈపాటి చదువైనను లేదని కూడ అన్నాడు. ఈ లెక్కను చూపి పూర్వము మనదేశములో చదువు వెల్లివిరిసినదని చెప్పేవారున్నారు. వారు చెప్పేదానిలో సగము నిజము. అదే లెక్కలో ఆడపిల్లలు బహు స్వల్పము. మగపిల్లలలో శూద్రకులములవారు అనేకులు ఉన్నమాట నిజమే గాని, ఊరి వెలుపల ఉంచబడినవారి బిడ్డలకు ఆ అరుగు ఎక్కే హక్కు లేదు. పాతదంతా బంగారమని మేము చెప్పము.

అయితే ఆ వీధిబడినుండి ప్రపంచము ఒక పాఠము నేర్చుకొన్నది. ఇది మన్రో లెక్కకు ముప్పది ఏండ్లకు ముందు మాట. మదరాసులో ఎగ్మూరు దగ్గర సోల్జర్ల అనాథ బాలురకొక ఆశ్రమముండేది. 1789నుండి దానికి పెద్దగా ఉన్నవాడు ఆండ్రూ బెల్లు అను స్కాట్లండు మతాచార్యుడు. అతడొకనాడు వీధివెంట పోతూ, నేలపై ఇసుక పరచుకొని వేలితో అక్షరములు దిద్దుతున్న పిల్లలను చూచినాడు. చూచి తిరిగివచ్చి తన బడిలో ఇసుక పోయించినాడు. ఉపాధ్యాయులు ఇది తమ పని కాదనగా, ఎనిమిదేండ్ల పిల్లవాడొకనిచేత క్రింది తరగతివారికి అక్షరములు చెప్పించినాడు. పెద్దపిల్లవాడు చిన్నపిల్లవానికి చెప్పే ఆచారము మన వీధిబడులలో ఏనాటినుండో ఉన్నదే. 1797లో బెల్లు లండనులో దీనినిగూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించినాడు. ఆవిరి యంత్రములు వచ్చి, పల్లె జనము పట్టణములలో క్రిక్కిరిసి, కూలివాండ్ర బిడ్డలకు చవుకగా చదువు చెప్పే దారి వెదకుకొంటున్న ఇంగ్లండుకు ఈ ఉపాయము కొంగుబంగారమైనది. లాంకాస్టరు అనే ఆయన కూడ ఇట్టి పద్ధతినే నడిపి, వారిద్దరికీ ఎవరు ముందన్న తగవు కూడ పెరిగినది. ఈ పద్ధతి అమెరికా ఖండములదాకా పోయినది. దానికి పెట్టిన పేరే మదరాసు పద్ధతి. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ అను ఊరిలో బెల్లు ఆస్తితో 1833లో పెట్టిన పాఠశాలకు నేటికీ మద్రాస్ కాలేజీ అనే పేరు. పద్ధతి సముద్రము దాటినది గాని, దానిని కనిపెట్టిన అయ్యవారి పేరు ఏ పుస్తకములోనూ లేదు. ఆయనకు ముట్టినది నెలకు కొన్ని మానికల ధాన్యము, పండుగనాడొక పంచె అయి ఉండును.

ఇక రెండవ పాఠము చేదైనది. మన్రో అడిగిన ప్రశ్నలకు 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు కాంబెల్ పంపిన జవాబు అన్నిటిలోకి చదువదగినది. బళ్ళారి జిల్లాలో అప్పుడు తెలుగు, కన్నడ బడులు రెండును సమానముగా ఉండేవి. చవుకగా వ్రాత నేర్పే తీరు, పెద్దపిల్లలచేత చిన్నవారికి చెప్పించే తీరు మెచ్చదగినవని, ఇంగ్లండు దానిని అనుకరించుట న్యాయమేనని కాంబెల్ ఒప్పుకొన్నాడు. ఒప్పుకొని, బడులు మాత్రము తరిగిపోతున్నవని వ్రాసినాడు. ఎందుచేత? ఐరోపా నుండి వచ్చే నూలుబట్ట మన మగ్గముల పొట్ట కొట్టినది, దేశము బీదదైనది, బిడ్డను బడికి పంపే తాహతు తండ్రికి లేకపోయినది. మాంచెస్టరులో మర తిరిగితే బళ్ళారిలో బడి మూతపడినదని ఒక కంపెనీ అధికారి చేతివ్రాతతోనే మనకు దొరకుచున్నది. ప్రపంచ వ్యాపారమునకు, పల్లెబడికి ఉన్న లంకెను ఇంతకంటె స్పష్టముగా ఎవరూ చెప్పలేదు. బారామహలులో కూడ నేతపని చేసే తెలుగువారు మెండు. వారి గతి వేరుగా ఉండి ఉండదని మా ఊహ.

తరువాతి చరిత్ర పాఠకులకు తెలిసినదే కాబట్టి త్వరగా నడుస్తాము. మన్రో ప్రతి తాలూకాకు ఒక బడి పెట్టించి, అయ్యవారికి సర్కారు జీతమిప్పించే ఏర్పాటు చేసినాడు. అతడు పోయిన పదేండ్లలోపే ఆ బడులు ఎత్తివేయబడినవి. 1835లో మెకాలే, బెంటింకుల నిర్ణయముతో సర్కారు ధనము ఇంగ్లీషు చదువువైపు మళ్ళినది. 1844లో హార్డింజి ఇంగ్లీషు చదివినవారికే ఉద్యోగములలో ముందు పీట వేసినాడు. అసలు మార్పు ఇదియే అని మాకు తోచును. మెకాలే మాటలను అందరూ తిట్టినారు గాని, ఉద్యోగమును ఎవరూ తిట్టలేదు! 1854లో వుడ్డు దొర పంపిన తాకీదుతో గ్రాంట్లు వచ్చినవి, ఇన్‌స్పెక్టర్లు వచ్చినారు. ఇంగ్లండులో 1862లో పరీక్షలో పిల్లలు తేరినకొలది బడికి డబ్బు ఇచ్చే కట్టడి పుట్టగా, కొన్నేండ్లలోనే మదరాసు రాజధానిలోని అరుగుబడికి కూడ అదే కట్టడి వచ్చినది. ఇన్‌స్పెక్టరు బండి ఊరి పొలిమేరలో కనబడగానే బలహీనులైన పిల్లలను ఇంటికి పంపివేసే విద్య ఆనాడే మొదలై ఉండును.

స్వరాజ్యము వచ్చిన తరువాత భాషా రాష్ట్రములు వచ్చినవి. 1953లో ఆంధ్ర వేరుపడినది. 1956 ఏర్పాటులో హోసూరు, ధర్మపురి మదరాసు రాష్ట్రములోనే నిలిచినవి. 1965 అక్టోబరు 2న సేలమునుండి ధర్మపురి జిల్లా వేరైనది. 1953లోనే హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టిన రాజాజీ, పిల్లలు పూటకు మూడు గంటలు బడిలో, మిగిలిన పొద్దు తండ్రి వృత్తిలో గడపవలెనన్న పథకము తెచ్చి పదవికి ఎసరు తెచ్చుకొన్నాడు. మన చదువులమీద వచ్చిపడిన పెద్ద పథకాలలో ఓడ ఎక్కి రానిది అదొక్కటే కాబోలు. దానిని రద్దు చేసిన కామరాజు 1956లో మధ్యాహ్న భోజనము పెట్టించినాడు. 1960ల దశకములో కేర్ సంస్థ ద్వారా అమెరికా పాలపొడి, నూనె ఆ భోజనమునకు తోడైనవి. మాలో అరువది దాటినవారిలో కొందరికి ఆ పాలపొడి రుచి ఇంకను నాలుకమీద ఉన్నది.

ఆ సంవత్సరములలోనే మనబోటి అల్పసంఖ్యాకులకు ఒక సూత్రము ఏర్పడినది. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము చేసిన తీర్మానమది: బడి మొత్తముమీద ఒక భాష పిల్లలు 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉన్నచో ఆ భాషలో చెప్పుటకు ఉపాధ్యాయుని ఇవ్వవలెను. 1956లో రాజ్యాంగమునకు 350-ఏ అధికరణము చేర్చి, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ప్రతి రాష్ట్రము వసతి కల్పించవలెనని చెప్పినారు. 10, 40 అను ఈ రెండు అంకెలే ఈ వ్యాసమునకు ఆయువుపట్టు. పాఠకులు వీటిని జ్ఞాపకముంచుకొనగోరుదుము.

ఇక మన జిల్లా పేరు ప్రపంచపు కాగితములకు ఎక్కిన కథ. 1990 మార్చిలో థాయిలాండులోని జోమ్‌టియనులో దేశదేశముల ప్రతినిధులు సమావేశమై, అందరికీ విద్య అను ప్రతిజ్ఞ చేసినారు. మరుసటి సంవత్సరమే మన దేశపు ఖజానాలో విదేశ ద్రవ్యము అడుగంటినది, అప్పులకు పోవలసివచ్చినది, ఆర్థిక విధానము తలక్రిందులైనది. అంతకుముందు ప్రాథమిక విద్యకు బయటి అప్పు తెచ్చుట మన ప్రభుత్వమునకు అంతగా అలవాటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1980ల దశకములో బ్రిటిషు సహాయముతో ఒక ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడచినమాట నిజమే, కాని అది ఒక రాష్ట్రపు సంగతి. 1994లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమము అని, డీపెప్ అని అందరూ పిలిచినది, ఏడు రాష్ట్రములలో 42 జిల్లాలతో మొదలైనది. తమిళనాడులో తొలి విడతలో ఎంపికైన జిల్లాలలో ధర్మపురి ఒకటి. అప్పటి ధర్మపురి అనగా నేటి కృష్ణగిరి, హోసూరులతో కూడినది.

ఎందుకు ఎంపికైనదో తెలిసికొంటే సంతోషించవలెనో, సిగ్గుపడవలెనో తెలియదు. ఎంపికకు మొదటి కొలత స్త్రీల అక్షరాస్యత దేశపు సగటుకంటె తక్కువ ఉండుట. 1991 జనాభా లెక్కలలో ఆ సగటు నూటికి 39. మనము దానికి దిగువన ఉన్నాము. ఆ దిగువదనమే మనకు అర్హత. ఖర్చులో నూటికి 85 పాళ్ళు కేంద్రము, 15 పాళ్ళు రాష్ట్రము భరించవలెను. కేంద్రము పాలులో ఎక్కువ భాగము బయటనుండి వచ్చినది. తమిళనాడుతో కలిపి ఆరు రాష్ట్రములకు ప్రపంచ బ్యాంకు శాఖ సుమారు 26 కోట్ల డాలర్ల ఋణమిచ్చినది. కట్టడములకు నూటికి 24, నిర్వహణకు 6 మించరాదని నిబంధన. బడి మానేవారు నూటికి పదిమందికి తగ్గవలెను. ఆడ మగ తేడా అయిదు పాళ్ళకు దిగవలెను. పిల్లల మార్కులు మొదటి కొలతకంటె నూటికి 25 పాళ్ళు పెరుగవలెను. ఈ అంకెలన్నియు పెన్నాగరము, పాలక్కోడు, హరూరు గ్రామాలలోని బడుల గోడలదాకా దిగివచ్చినవి.

దీనిని మేము ఉత్త తిట్లతో కొట్టివేయలేము. గదులు వచ్చినవి, బ్లాకు కేంద్రములు వచ్చినవి, ఉపాధ్యాయులకు శిక్షణ వచ్చినది, ఆడపిల్లను బడికి పంపుమని ఇల్లిల్లు తిరిగినారు. ఆడశిశువు పుట్టుటే బరువని తలచిన పల్లెలకు అపఖ్యాతి వచ్చిన జిల్లా ఇది. అట్టిచోట ఒక పిల్ల పలక పట్టుకొని వీధిలో నడచుట చిన్న సంగతి కాదు. అయినను ఒకమాట. ఆ కార్యక్రమము లెక్కించినవి ఆడ మగ తేడా, కులపు తేడా, గైరుహాజరు, మార్కులు. ఇంటి భాష వేరు, బడి భాష వేరు అయిన పిల్ల మానివేసినచో ఆ పిల్ల మానివేసినవారి లెక్కలో చేరును గాని, ఎందుకు మానివేసినదో చెప్పే అంకె ఆ ముఖ్య లక్ష్యములలో లేదు. ఎక్కడో దూరమున కూర్చుని కొలిచేవాడు తనవద్ద ఉన్న కొలబద్దకు అందినదానినే కొలుచును.

ఇంకొక విచిత్రము కూడ ఈ కాలములోనే నడచినది. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీలో 1980ల చివర, చుట్టుప్రక్కల తెలుగు పల్లెల బీదపిల్లలకోసము చిన్న బడులు పెట్టి, ఒకే గదిలో అన్ని తరగతులవారు ఎవరి వేగముతో వారు నేర్చుకొనేటట్లు కార్డులు తయారుచేసినారు. పెద్దపిల్ల చిన్నపిల్లకు చెప్పును. అయ్యవారు నడుమ కూర్చుండి సాయపడును. ఇది కన్నడ దేశమునకు పోయి నలికలి అయినది. 2003లో చెన్నై కార్పొరేషను బడులకు, 2007-08లో తమిళనాడులోని సర్కారు ప్రాథమిక బడులన్నిటికీ వచ్చినది. జర్మనీ విశ్వవిద్యాలయములవారు కూడ చూచి నేర్చుకొనిపోయినారు. రెండువందల ఏండ్ల క్రిందట బెల్లు ఎత్తుకొనిపోయినదానికి ఇది దాయాది అని మాకు అనిపించును. ఈ మారు మాత్రము చేసినవారి పేర్లు మిగిలినవి.

అంతర్జాతీయ పరీక్షల ముచ్చట కూడ చెప్పవలెను. పీసా అను పరీక్షకు మనదేశము తరఫున తమిళనాడు, హిమాచల ప్రదేశములు కూర్చున్నవి. 2011 డిసెంబరులో ఫలితములు వచ్చినవి. డెబ్బదికి పైబడిన పాల్గొన్నవారిలో ఈ రెండును చిట్టచివరి వరుసలలో నిలిచినవి. ప్రశ్నలు మన పిల్లల జీవితమునకు సంబంధించనివని ప్రభుత్వము అన్నది. 2012, 2015, 2018 విడతలకు దూరముగా ఉన్నది. ప్రశ్నలు పరాయివే కావచ్చును. కాని చదివినదానిని అర్థము చేసికొనుట ఏ దేశపు పిల్లకైనను ఒకటే పని కదా.

ఈ లోపల సర్కారు చెప్పకుండానే మరొక విధానము అమలులోకి వచ్చినది. 1980ల దశకమునుండి హోసూరులో లారీల, మోపెడుల, గడియారముల కర్మాగారములు వెలసినవి. 1990ల తరువాత బెంగుళూరు కంప్యూటరు కొలువులు బస్సు దూరములో కనబడసాగినవి. ఊరూరా మెట్రిక్యులేషను బడులు, వాటి పసుపుపచ్చ బస్సులు వచ్చినవి. 2012-13నుండి తమిళనాడు సర్కారు బడులలో కూడ ఇంగ్లీషు మీడియము తరగతులు విరివిగా తెరచినారు. ఆంధ్రప్రదేశ్‌లోనే 2019లో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియము చేయబూనగా, 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ ఉత్తరువులను కొట్టివేసినది. తెలుగుదేశములోనే ఇట్లుండగా మన గతి చెప్పనేల?

ఇంగ్లీషు పోటీకి జవాబుగా తమిళనాడు 2006లో తమిళ అభ్యసన చట్టము చేసినది. ఒకటవ తరగతినుండి మొదలై ఏడాదికొక తరగతి చొప్పున అన్ని బడులలో మొదటి భాషగా తమిళము తప్పనిసరి. 2015-16కు అది పదవ తరగతికి చేరినది. తమ భాషను కాపాడుకొనవలెనన్న వారి ఆత్రుతను మేము తప్పుపట్టము; ఈ నేలలో ఉండి తమిళము రాకపోవుట మనకే నష్టము. అయితే ఆ చట్టములో ఇతర మాతృభాషలకు దక్కినది నాలుగవ భాగము, అదియు ఐచ్ఛికముగా. దానివలన తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లలు పదవ తరగతి పరీక్షల ముంగిట కోర్టులకెక్కవలసివచ్చినది. హైకోర్టు సడలింపులిచ్చినది, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సడలింపును మరొక సంవత్సరము పొడిగించినది. పుస్తకములు తెరచి కూర్చోవలసిన మాఘ ఫాల్గుణములలో వకీలు కబురుకోసము ఎదురుచూచిన పిల్లలను మేము ఎరుగుదుము. ప్రపంచముతో పోటీపడు పెద్దభాష, ఆ పెద్దభాషతో పోటీపడు రాష్ట్రభాష, ఆ రెంటి నడుమ నలిగే ఇంటిభాష – మన స్థితి ఇది.

గత సంవత్సరము సంఘము తరఫున తెలుగు తరగతికి పిల్లలను పిలుచుటకు మేము ఇల్లిల్లు తిరిగినాము. బెంగుళూరు రోడ్డు ప్రక్కనున్న ఒక పల్లెలో ఒక తల్లి మమ్ములను అరుగుమీద కూర్చుండబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఇట్లన్నది: “సార్, నా కూతురు ఇంట్లో తెలుగే మాట్లాడుతాది. బడిలో అరవం రాస్తాది. కంపెనీలో అడిగేది ఇంగ్లీషు. మూడు మోస్తా ఉంది బిడ్డ. మీరు ఇంకొకటి ఎత్తమంటారు. తెలుగు చదివితే ఎవరు పని ఇస్తారు, చెప్పండి?” మాకు జవాబు తోచలేదు. హార్డింజి దొర 1844లో వేసిన ముడి ఆ తల్లి నోట వినబడినది. ఆమె బడి చదువు చదువలేదు. కాని మేము వ్రాస్తున్న ఈ వ్యాసమంతయు ఆమెకు తెలుసు. కొంతసేపటికి లోపలినుండి ముసలమ్మ వచ్చి, “పంపించే, నా పేరన్నా నా భాషలో రాసేది నేర్చుకుంటాది” అన్నది. ఆ పిల్ల ఇప్పుడు వస్తున్నది.

ఆ ప్రాంతములోనే ఒక బడిలో తెలుగు ఉపాధ్యాయుడు విశ్రాంతి తీసికొన్నాక ఆ స్థానము నిండలేదు. విచారించగా తరగతిలో పదిమంది లేరని జవాబు వచ్చినది. పదిమంది ఎందుకు లేరని అడుగగా, ఉపాధ్యాయుడు లేడని తలిదండ్రులు పిల్లలను చేర్చలేదట! ఈ చక్రమును ఎక్కడ త్రెంచవలెనో కాగితము వ్రాసిన గుమాస్తాగారికి తెలియదు, మాకును తెలియదు. 1949లో రక్షణగా పుట్టిన అంకె ఇప్పుడు గడియగా పనిచేస్తున్నది.

మా ఆదివారపు తరగతికి ఈ ఫాల్గుణమునాటికి పదునలుగురు పిల్లలు వస్తున్నారు. చిన్నవాండ్రకు పలకలు, పెద్దవాండ్రకు వాచకములు సంఘమే ఇచ్చుచున్నది. ఏడవ తరగతి పిల్లలు ఒకటవ తరగతివారికి గుణింతము చెప్పుచున్నారు. చెప్పేవారు మరి లేరు గనుక. పదునలుగురున్నారు గదా, ఉపాధ్యాయుని అడుగరాదా అని కొందరు మిత్రులు అన్నారు. అడుగబోయి లెక్క వేసినాము. ఆ పదునలుగురు అయిదు బడులనుండి వచ్చేవారు. ఏ ఒక్క తరగతిలోనూ ముగ్గురికి మించి లేరు.